ఇరవై సెకండ్లు

తార్నాకలో మా ల్యాబు కిటికీలోంచి
గాలి రాదు, రైలు కూత మాత్రం వస్తుంది.
ఏడో నంబరు ఎలుకకు నేను నేర్పింది ఒక్కటే:
మీట నొక్కితే
కాళ్ళ కింది కరెంటు ఇరవై సెకండ్లు వాయిదా.
మళ్ళీ నొక్కితే మళ్ళీ ఇరవై.
నెల తిరక్కుండా
అది ఆ ఇరవై సెకండ్లలో కాపురం పెట్టింది.
మీసాలు దువ్వుకునేది, గింజ కొరికేది,
పద్దెనిమిదో సెకండుకి
చాయ్ పొంగే వేళ తెలిసిన ఇరానీ హోటల్ ఉస్తాద్‌లా
చూడకుండానే వచ్చి నొక్కిపోయేది.

ఆ తర్వాత, థీసిస్ కోసం,
నొక్కినా ఆగని కరెంటు కలిపాను.
అప్పుడప్పుడు. లెక్కాపత్రం లేకుండా.

మానేస్తుందనుకున్నాను.
ఫలితం లేదని తెలిశాక ఎవరు చేస్తారు?
మానలేదు.
నిమిషానికి నాలుగు నొక్కేది తొమ్మిదికి పోయింది,
పద్నాలుగుకి పోయింది,
గింజ ముట్టడం మానింది.
కాగితం మీద నా గీత
మౌలాలి గుట్ట మెట్లెక్కినట్టు ఎక్కింది.

బోన్లు కడిగే బాల్‌నర్సయ్య
తడి చేతులు ఖాకీ ప్యాంటుకు తుడుచుకుని వంగి చూశాడు.
"తప్పు తనదే అనుకుంటున్నదమ్మా.
ఇంకొక్కసారి ఒత్తితే రాకపోవు గదా అని."

నేను ఆ మాట రాసుకోలేదు.
రాసుకునే గడి ఆ కాగితంలో లేదు.

ఆయనది మూసానగర్, చాదర్‌ఘాట్ వంతెన పక్కన.
మూసీకీ ఆయనకీ పాత ఒప్పందం ఒకటుంది:
మబ్బు పట్టగానే ట్రంకుపెట్టె మంచమెక్కాలి,
మంచం ఇటుకలెక్కాలి,
రేషన్ కార్డు, బిడ్డ పదో తరగతి మెమో
ప్లాస్టిక్ కవర్లో దూలానికి వేలాడాలి.
అలా పదకొండు వానాకాలాలు
ట్రంకు తడవలేదు.

పన్నెండో ఏట ఒక రాత్రి
ఆకాశం నిండా చుక్కలే.
ఎక్కడో ఎగువన కురిసింది,
హిమాయత్‌సాగర్ గేట్లెత్తారు,
సైరన్ మోగిందంటారు కొందరు, లేదంటారు కొందరు.
ఆయన వీపు తడిసి లేచాడు.

నేను వెళ్ళింది శివరాత్రి దాటాక,
ఎండ చిటచిటలాడుతుంటే.
మంచం కాళ్ళ కింద ఐదేసి ఇటుకలు.
ట్రంకు కింద ఇంకో ఖాళీ ట్రంకు.
పొద్దున దించుతాడట, సర్దుతాడట,
డ్యూటీకి పోయేముందు ఎక్కిస్తాడట,
వచ్చాక తాళ్ళు విప్పి మళ్ళీ బిగిస్తాడట.
"ఆ రాత్రి నేనే జర పరాకున్న" అన్నాడు.

పక్క గడపలో ఖైరున్నీసా కూర్చుని ఉంది.
ఆమె ఈ ఒడ్డుకు కాపురానికొచ్చిన మొదటి వారమే
మొదటి వరద.
ఏది ఎత్తాలో ఎవరూ చెప్పకముందే అన్నీ పోయాయి.
ఇప్పుడు మబ్బొచ్చినా ఆమె ఏదీ ఎత్తదు.
బియ్యం డబ్బా నేల మీదే.
నీళ్ళొస్తే కాళ్ళు పైకి ముడుచుకుంటుంది.
"క్యా ఫాయిదా" అంటుంది, కోపం లేకుండా.

నా పదిహేనో నంబరు ఎలుక కూడా అంతే,
ఏమీ నేర్వకముందే దెబ్బలు తిన్నది,
మీట అందేంత దూరంలోనే పడుకుంటుంది.
మా పరిభాషలో దీన్ని నిస్సహాయత అంటాం.
అనగానే పని అయిపోయినట్టుంటుంది.

ఆ రాత్రి ల్యాబు తాళం తీసి
పదిహేనోదాన్ని మెడ కింద పట్టి
దాని పాదాన్ని మీట మీద పెట్టి నొక్కాను.
ఒకసారి. పదిసార్లు.
పదమూడోసారికి
నా వేలి కింద ఆ పాదం
కొంచెం, నిజంగా కొంచెమే, బరువెక్కింది.

అప్పుడు మెయిన్ స్విచ్ దించేశాను.
గైడు గారికి ఇప్పటికీ చెప్పలేదు.
గుమ్మంలో నిలబడితే
ఏడో బోనులోంచి చీకట్లో
టక్కు, టక్కు,
లేని కరెంటును ఇరవై సెకండ్లు వాయిదా వేస్తూ.

ఆదివారం మళ్ళీ మూసానగర్ వెళ్ళాను.
ఆకాశం ఉతికి ఆరేసినట్టుంది.
బాల్‌నర్సయ్య ట్రంకు ఎత్తుతున్నాడు.
వద్దని చెప్పడానికే వెళ్ళాను.
రెండో కొస పట్టుకున్నాను.
"పైలం," అన్నాడు,
"రేకు గీసుకుంటది."